కోటేశ్వరి మేడమ్ ఆదివారాలు

పోయిన వారం మిర్యాలగూడలో ఒక బడిలో న్యాయ సలహా శిబిరం పెట్టారు. నేను కొంచెం ముందుగా వెళ్ళి వరండాలో నిలబడ్డాను. జనానికి చోటు చేయడం కోసం లోపల ఎవరో బెంచీలను గోడవారకు ఈడుస్తున్నారు. షాబాదు బండల మీద ఇనుప కాళ్ళు గీసుకుంటూ పోయే ఆ చప్పుడుకు నా పక్కనున్న ప్లీడరు ముఖం చిట్లించి దూరంగా జరిగాడు. నేను అక్కడే ఉండి విన్నాను. అరచేతులకు చెమట పట్టింది. పెదవుల మీదికి నవ్వు కూడా వచ్చింది. కొన్నేళ్ళపాటు నా ఆదివారాలు ఆ చప్పుడుతోనే మొదలయ్యేవి. సూర్యాపేటలో ఒక ట్యుటోరియల్ మేడ మీద, బెంచీలన్నీ గోడకు చేరి మధ్యలో ఖాళీ బండలు బయటపడగానే కోటేశ్వరి మేడమ్ చెప్పులు గుమ్మం బయట విడిచి, కొంగు నడుముకు దోపి లోపలికి వచ్చేవారు. ఆమె మాకు నేర్పింది ఆటలు. పెద్దవాళ్ళం, ఉద్యోగాలు చేసేవాళ్ళం, ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళం, ఆ గదిలో పిల్లల్లా ఆడేవాళ్ళం. అందరిదీ ఒకటే జబ్బు. నలుగురిలో నిలబడితే నోరు పెగిలేది కాదు.

మాది పెన్‌పహాడ్ దగ్గర ఒక పల్లె. మా నాయన మల్లయ్యకు గొర్రెల మంద ఉండేది. మేపే బీడు విషయంలో ఎప్పుడో తగాదా వచ్చి, నాయన ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఒకసారి నన్ను కూడా వెంట తీసుకెళ్ళాడు. అవతలి వాళ్ళు గడగడా చెప్పుకుపోయారు. అధికారి తలెత్తి నాయనను అడిగితే, ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బీడు పోయింది. దారిలో నాయన ఒక్క మాటే అన్నాడు. "మన ఇంట్ల ఒక్కరికన్న నోరుండాలె బిడ్డా." ఆ మాట మీదే నన్ను లా చదివించాడు. పరీక్షలన్నీ రాసి గట్టెక్కాను. చదువు వచ్చింది, నల్లకోటు వచ్చింది. నాయన అడిగిన నోరు మాత్రం రాలేదు.

సూర్యాపేటలో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరిన కొత్తలో ఆయన నాకొక చిన్న పని చెప్పారు. ఆయన వేరే హాలులో ఉంటారు, మా కేసు పిలవగానే లేచి వాయిదా అడగాలి. రెండు ముక్కలు. పొద్దుటి నుంచి వాటిని నోట్లో నమిలాను. కేసు పిలిచారు. లేచాను. జడ్జిగారు కళ్ళద్దాల మీదుగా చూసి, "చెప్పండమ్మా" అన్నారు. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ఆయన మళ్ళీ అడిగారు. వెనక బెంచీలో ఎవరో చిన్నగా నవ్వారు. చివరికి జాలిపడి, మా ఎదుటి పక్షం ప్లీడరే లేచి మా తరఫున వాయిదా అడిగాడు. సీనియర్ గారు మంచివారు, కోప్పడలేదు. సాయంత్రం పిలిచి, "నీ రాత మంచిగుంటదమ్మా. నువ్వు పిటిషన్లు రాయి, మాట్లాడేది నేను చూసుకుంట" అన్నారు. ఓదార్పుగానే అన్నారు. నాకు మాత్రం వాకిట్లోంచే వెనక్కి పంపినట్టయింది.

కోర్టు ఎదురుగా టైపు చేసే పద్మక్క ఈ సంగతి విన్నది. నేను కాగితాలు ఇవ్వడానికి వెళ్తే మిషను ఆపి, "ఆదివారం నాడు గా ట్యుటోరియల్ మీద కోదాడ నుంచొచ్చే మేడమ్ ఆటలాడిపిస్తది. ఒక్కపారి పోయి సూడరాదు? మా తమ్ముడు ఇంటర్వ్యూల నోరు తెరువకపోతుండె. ఇప్పుడు ఇంట్ల నోరు మూస్తలేడు" అన్నది.

వెళ్ళాను. గోడకు చేరిన బెంచీల పక్కన పదిమంది దాకా నాలాగే ఎటు చూడాలో తెలియక నిలబడి ఉన్నారు. మేడమ్ పొట్టి మనిషి. అరవై దగ్గర పడిన వయసు. ముతక నేత చీర, నెరిసిన జుట్టు ముడి, కొంచెం బొంగురు గొంతు. ఒకప్పుడు నాటకాల్లో వేషాలు వేశారని పద్మక్క చెప్పింది కాబట్టి నేను పెద్ద బొట్టు, పెద్ద మాటలు ఊహించుకున్నాను. ఆమె బస్సు దిగి కూరగాయలకు వచ్చిన మనిషిలా ఉన్నారు. "ఇక్కడ పరిచయాలు ఉండవు" అన్నారు. "పేరు చెప్పమంటేనే కదా సగం మందికి చెమటలు పట్టేది. నడవండి. నేను చప్పట్లు కొడితే ఆగాలి. ఆగని వాళ్ళు చేతులు రెండూ పైకెత్తి, 'తప్పు చేశా' అని గట్టిగా చెప్పాలి. మిగతావాళ్ళు వాళ్ళకు చప్పట్లు కొట్టాలి. అంతే."

నడిచాం. ఆమె చేతులు చరిచారు. అందరూ ఆగారు. నేను ఆగలేదు. తల దించుకుని నడుస్తూ గోడ దాకా పోయాను. కోర్టులో వెనక బెంచీ నుంచి వినబడ్డ నవ్వే మళ్ళీ చెవుల్లో మోగింది. చేతులెత్తి గొణిగాను. "వినబడలేదు" అన్నారు మేడమ్. మళ్ళీ చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. అందులో వెక్కిరింత లేదు. త్రిపురారం నుంచి వచ్చిన సైదులు అనే అతను, ఒక ప్రైవేటు బడిలో కొత్తగా చేరిన సారు, రెండోసారి కావాలనే తప్పు చేసి చేతులెత్తాడు. "అక్కకొక్కతికే చప్పట్లా" అన్నాడు. అప్పుడు మొదటిసారి ఆ గదిలో నవ్వాం. తప్పు చేసినందుకు చప్పట్లు కొట్టించుకోవడం నాకు కొత్త. ఆ రోజు ఇంటికి వెళ్ళాక కూడా ఆ చప్పుడు చెవిలో ఉండిపోయింది.

తర్వాత ఒక ఆదివారం తువ్వాలు ఆట. ఒక తువ్వాలు చేతులు మారుతూ పోతుంది. పట్టుకున్నవాళ్ళు దాన్ని ఇంకేదో చేసి చూపించాలి. సైదులు దాన్ని చంటిపిల్లను చేశాడు. ఇంకొకరు బస్సు స్టీరింగు చేశారు. నా చేతికి వచ్చేసరికి తల ఖాళీ. ఎంత వెతికినా ఏమీ తోచలేదు. "ఇది తువ్వాలే మేడమ్" అన్నాను. ఎవరైనా జాలిపడి తీసేసుకుంటారనుకున్నాను. మేడమ్ నన్ను వదలలేదు.

"సరే, తువ్వాలే. ఎవరిది?"

"మా నాయినది."

"ఎక్కడుంది?"

"నెత్తికి చుట్టుకున్నడు."

"ఏం చేస్తున్నాడు?"

"గొర్లను మలుపుతుండు. మంద పక్కోల్ల చేన్ల పడ్డది."

"మలుపు మరి. పంట పోతోంది."

నేను తువ్వాలును తలకు చుట్టుకోవడం నాకు గుర్తుంది. ఆ తర్వాత నా కడుపులోంచి వచ్చిన కూత ఎట్లా వచ్చిందో చెప్పలేను. చిన్నప్పుడు సెలవుల్లో మంద వెంట వెళ్ళి రోజూ వేసిన కూతే. కంది చేను ఈ చివర నుంచి ఆ చివర దాకా వినబడాల్సిన కూత. కింద టీకొట్టు ముందున్న వాళ్ళు రోడ్డు మీదికొచ్చి పైకి చూశారట. గదిలో వాళ్ళు నోరు తెరిచి నిలబడ్డారు. మేడమ్ మెచ్చుకోలేదు. "గొంతు ఉంది" అన్నారు, వైద్యుడు నాడి చూసి చెప్పినట్టు. "మరి కోర్టులో ఏమవుతోంది?"

"తెల్వది మేడమ్."

"నాకు తెలుసు. ఇక్కడ నీకు గొర్రెలు కనబడ్డాయి, పంట కనబడింది. అక్కడ నీకు నువ్వే కనబడుతున్నావు. ఎలా నిలబడ్డాను, ఏమనుకుంటున్నారు, ఎవరు నవ్వారు. జడ్జిగారిని చూడ్డం లేదు."

ఇట్లాంటి మాట విన్న మర్నాడే మనిషి మారిపోయినట్టు చెప్పుకుంటారు. నాకు అట్లా జరగలేదు. ఆ వారంలోనే మళ్ళీ ఒక వాయిదా అడగాల్సి వచ్చి, లేచి, ఈసారి సగం మాట అని ఆగిపోయాను. మొదటిసారి కంటే ఇదే ఎక్కువ బాధ అనిపించింది. మందు దొరికిందనుకున్నాక రోగం తిరగబెట్టినట్టు. ఆ వచ్చిన ఆదివారం వెళ్ళలేదు. ఆ తర్వాతిదీ మానేశాను. ఆ మధ్యాహ్నం నేను కిరాయికి ఉంటున్న గది తలుపు ఎవరో కొట్టారు. తీస్తే మేడమ్. ఎండలో నడిచి వచ్చి ముఖం కందిపోయింది. పద్మక్కను అడిగి ఇల్లు కనుక్కున్నారట. నీళ్ళు ఇచ్చాను. తాగి, గ్లాసు కింద పెట్టి, "ఎందుకు రాలేదు?" అన్నారు.

"ఆట ఆటనే మేడమ్. కోర్టు కోర్టే. గాడ సప్పట్లు కొట్టరు."

ఆమె కోప్పడతారనుకున్నాను. చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని, తన సంగతి చెప్పారు. వయసులో ఉన్నప్పుడు ఒక ఊళ్ళో నాటకం. ఆమె ఒక్కరే రంగం మీద ఉన్నారు. భర్త వేషం వేసినతను ప్రవేశించాలి. రాలేదు. లోపల మేకప్ గదిలో తాగి పడుకున్నాడని ఆమెకు తెలియదు. ఎవరో రాసిన మాటలు ఎన్ని వందల సార్లు చెప్పారో, కానీ అతను వచ్చే దాకా నెట్టుకురావడానికి తనదంటూ ఒక్క మాట దొరకలేదు. ముందు వరసలో పిల్లలు ఈలలు వేశారు. తెర దించేశారు. "రెండేళ్ళు మళ్ళీ రంగం ఎక్కలేదమ్మా. ఇంటికి ఎవరైనా వస్తే కూడా లోపలికి పోయేదాన్ని. మా నాటక సమాజంలో హాస్యం వేసే ముసలాయన ఒకడుండేవాడు. ఆయన రోజూ సాయంత్రం వచ్చి మా అరుగు మీద కూర్చుని, నాతో ఈ ఆటలు ఆడేవాడు. నేను లోపలి నుంచి కిటికీలోంచి ఆడేదాన్ని."

"భయం పోయిందా మేడమ్?"

"ఎక్కడికి పోద్ది? ఇవాళ పొద్దున బస్సెక్కేటప్పుడు కూడా ఉంది. కొత్తవాళ్ళు వస్తారు, నా ఆట పండకపోతే ఎలా అని." లేచి చెంగు దులుపుకున్నారు. "భయం పోయాక మాట్లాడతానంటే ఈ జన్మకు కాదు. దాన్ని వెంటేసుకునే మాట్లాడాలి. వచ్చే ఆదివారం వస్తావా, నన్ను మళ్ళీ ఎండలో నడిపిస్తావా?"

ఆ తర్వాత నేను మానలేదు. పట్టుబట్టాను అంటే సరిపోతుంది. బస్సులో పక్కన కూర్చున్న మనిషితో ముందుగా ఏమీ అనుకోకుండా మాట కలపమని ఆమె పని పెట్టేవారు. కలిపేదాన్ని. కొందరు ముఖం తిప్పుకునేవారు. తిప్పుకోనిచ్చి, ఇంకో రోజు ఇంకొకరితో మొదలుపెట్టేదాన్ని. కోర్టులో చిన్న చిన్న వాయిదాలు నేనే అడుగుతానని సీనియర్ గారిని బతిమాలి తీసుకున్నాను. కొన్నిసార్లు మాట వచ్చింది, కొన్నిసార్లు తడబడ్డాను. తడబడ్డ రోజు గదికి వచ్చి తలుపు వేసుకుని, అద్దం ముందు రెండు చేతులూ ఎత్తి "తప్పు చేశా" అని గట్టిగా చెప్పి, అప్పుడు అన్నం తినేదాన్ని.

మేడమ్ ఆటలన్నిటిలో నాకు కష్టమైంది 'ఔను' ఆట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి. ఒకరు ఏది అన్నా రెండోవారు కాదనకూడదు. ఔనని ఒప్పుకుని, దాని మీద ఇంకో మాట కలపాలి. ఒకసారి సైదులు ఇంటి యజమాని, నేను కిరాయిదారును.

"ఇల్లు ఖాళీ చెయ్యి" అన్నాడు సైదులు.

"చెయ్య" అన్నాను వెంటనే. ఆట అక్కడే చచ్చిపోయింది. అతనికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు, నాకూ మిగల్లేదు.

"కాదంటే తలుపేసినట్టు" అన్నారు మేడమ్. "తలుపేశాక ఇద్దరూ బయటే నిలబడాలి. ఔనని చూడు, లోపలికి పోవచ్చు."

మళ్ళీ మొదలుపెట్టాం. "ఇల్లు ఖాళీ చెయ్యి."

"ఔను, చేస్త. పొద్దుగాలనే చేస్త. పోయేటప్పుడు పైన రేకులు కూడ ఊడదీస్కపోత, నేను ఏయించినయే కద."

సైదులు పైకప్పు వైపు చూసి, "ఔను, తీస్కపో. రేకుల మీద మా గుమ్మడి తీగ పాకింది, దాన్ని సుత తీస్కపోయి సాదు" అన్నాడు. గదంతా నవ్వింది. నాకు ఆ రుచి తెలిసింది. తెలిసేసరికి తెలివి ఎక్కువైంది. తర్వాతి వారాల్లో ప్రతి మాటకూ ఒక చమత్కారం ముందే సిద్ధం చేసుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. అందరూ నవ్వేవారు. ఒకరోజు మేడమ్ మధ్యలో ఆపేశారు. "స్వరూపా, అతను ఇప్పుడు ఏమన్నాడు?" అని అడిగారు. నేను చెప్పలేకపోయాను. "చూశావా. అప్పుడు భయంతో వినలేదు, ఇప్పుడు తెలివితో వినడం లేదు. నీ తెలివి నాకొద్దు. ఎదుటివాడి చివరి మాట పట్టుకో. నీకు కావలసింది అందులోనే ఉంటది." ఆమె నాతో కటువుగా మాట్లాడింది ఆ ఒక్కరోజే. ఆ మాటకు ముఖం మాడ్చుకుని మెట్లు దిగినా, దిగుతూ దిగుతూనే ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు.

మిర్యాలగూడ కోర్టులో మాకు లలిత అనే అమ్మాయి కేసు ఉండేది. అత్తవారు ఆమెను పుట్టింటికి పంపేసి, ఏడాది దాటిన పాపను మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు. పాపను ఇప్పించమని పిటిషను వేశాం. నేనే రాశాను. అవతలి వాళ్ళు ఏదో ఒక కారణం చెప్పి వాయిదాలు తీసుకుంటూ పోయారు. ఆ రోజు వాదనలు వింటామని జడ్జిగారు గట్టిగా చెప్పారు. పొద్దున్నే సీనియర్ గారికి జ్వరం. ఆయన భార్య ఫోను చేసి, "లేవలేకపోతున్నరమ్మా. వాయిదా అడుగుమంటుండ్రు" అన్నది.

లలిత బస్టాండులో నా కోసం నిలబడి ఉంది. చేతిలో ఒక సంచి. పాపను ఈరోజే ఇస్తారేమోనని గౌను, పాలపీక తెచ్చుకుంది. నేను వాయిదా సంగతి చెప్పలేకపోయాను. బస్సులో ఆమె కిటికీలోంచి చూస్తూ, "అక్కా, నన్ను చూస్తే గుర్తువడ్తదంటవా?" అని అడిగింది. మిర్యాలగూడలో దిగేసరికి నేను వాయిదా అడగకూడదని నిర్ణయించుకున్నాను. సీనియర్ గారికి ఫోను చేసి చెప్పాను. ఆయన కాసేపు దగ్గారు. తర్వాత, "చెయ్యి మరి" అన్నారు.

నేను రాసుకున్న వాదన నాకు కంఠస్థం. కానీ అవతలి ప్లీడరు మాట్లాడే పద్ధతే వేరు. తల పండిన మనిషి. నేను రాసుకున్న వాటిలో దేని జోలికీ పోలేదు. నెమ్మదిగా, చాలా దయగా మాట్లాడాడు. "సార్, పాప నానమ్మ దగ్గర హాయిగా ఉంది. వేళకు తింటోంది, పడుకుంటోంది. నిజం చెప్పాలంటే తల్లిని మరిచిపోయింది కూడా. ఇప్పుడు ఆ పసిదాన్ని పీకి, అది గుర్తుపట్టని మనిషి చేతిలో పెట్టమంటున్నారు. ఇంకొన్ని కాగితాలు దాఖలు చేయడానికి మాకు ఇంకొక్క వాయిదా ఇప్పించండి." వెనక లలిత చేతిలో సంచి గరగరలాడింది. జడ్జిగారు నా వైపు చూశారు. "చెప్పండమ్మా."

నోరు ఎండిపోయింది. ఎండిపోయిందని తెలుస్తూనే ఉంది. కాగితంలోకి చూస్తే అందులో దీనికి జవాబు లేదు. అప్పుడు కాగితం కింద పెట్టేశాను. అతని చివరి మాటలు ఇంకా గదిలోనే ఉన్నాయి. నేను చేయాల్సింది వాటిని అందుకోవడమే.

"అవును సార్" అన్నాను. "పాప తల్లిని మరిచిపోయింది. వారు చెప్పింది నిజమే."

అవతలి ప్లీడరు తల తిప్పి నా వైపు చూశాడు. జడ్జిగారు కూడా కొంచెం ముందుకు వంగారు.

"తల్లిని ఇంట్లోంచి పంపేసిన రోజు మరిచిపోలేదు సార్. ఆ రోజు ఏడ్చింది, అది వాళ్ళే తమ జవాబులో రాసిచ్చారు. ఇక్కడ వాయిదా పడ్డ ప్రతిసారీ కొంచెం కొంచెం మరిచిపోయింది. ఇంకొక వాయిదా పడితే ఇంకొంచెం మరిచిపోతుంది. అప్పుడు వారు మళ్ళీ వచ్చి, ఇప్పుడు పూర్తిగా మరిచిపోయింది సార్ అంటారు. వారడిగేది ఇంకొక వాయిదానే."

గొంతు వణికింది. మాట మాత్రం ఆగలేదు. జడ్జిగారు కలం కింద పెట్టారు. తర్వాత, వారం తిరిగేలోగా పాపను తన ముందుకు తీసుకురావాలని అవతలి పక్షానికి చెప్పారు. తెచ్చిన రోజున అన్నీ చూసి, కేసు తేలే దాకా పాప తల్లి దగ్గరే ఉండాలని ఆర్డరు వేశారు.

ఆ వార్త చెప్పడానికి కోదాడ వెళ్ళాను. మేడమ్ ఇల్లు రెండు గదులు, ముందు చిన్న వసారా. పప్పులో రాళ్ళు ఏరుతున్నారు. చేట పక్కన పెట్టకుండానే విన్నారు. నేను నా వాదన అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అవతలి ప్లీడరు ముఖం ఎట్లా మారిందో, జడ్జిగారు కలం ఎట్లా దించారో. ఆమె అన్నీ విని, "పాప వాళ్ళమ్మ దగ్గరికి వచ్చిందా?" అని అడిగారు.

"రాలేదు మేడమ్. ముందు మొకం తిప్పుకున్నది. నానమ్మ చీర పట్టుకొని ఏడ్చింది."

"అప్పుడు లలిత ఏం చేసింది?"

ఆ క్షణం నేను చూశాను కాబట్టి చెప్పగలిగాను. లలిత మీదపడి లాక్కోలేదు. కొంచెం దూరంలో బండల మీద కూర్చుండిపోయింది. పాప ఏడుపు ఆపి చేత్తో బెంచీని కొట్టింది. లలిత కింద బండను కొట్టింది. పాప మళ్ళీ కొట్టింది. లలిత మళ్ళీ కొట్టింది. చాలాసేపటికి పాప నానమ్మ చీర వదిలి రెండడుగులు ముందుకు వేసింది.

మేడమ్ చేతులు చేటలో ఆగిపోయాయి. "ఆ పిల్లకు ఎవరు నేర్పారమ్మా" అన్నారు, నన్ను కాకుండా ఎవరినో అడిగినట్టు. నా వాదన గురించి ఒక్క మాట అనలేదు. చాలా రోజులకు అర్థమైంది. ఆమె నన్ను అడిగింది గెలిచావా అని కాదు, చూశావా అని.

ఆ మరుసటేడు ఆమె గొంతు బొంగురు ముదిరింది. జలుబు అనుకున్నాం. హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకెళ్తే స్వరపేటికలో గడ్డ అన్నారు. పేటికే తీసేయకపోతే మనిషి దక్కదన్నారు. ఆపరేషన్ ముందు రోజు సైదులు, నేను వెళ్ళాం. సైదులు గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటుంటే, "ఏరా, మీ బళ్ళో పిల్లలు ఇప్పుడు వింటున్నారా?" అని అడిగారు. "ఇంటుండ్రు మేడమ్" అన్నాడు. మేము విన్న ఆమె చివరి మాటలు అవే.

ఆదివారాలు అయిపోయాయనుకున్నాం. కొన్ని నెలల తర్వాత పద్మక్క ఫోను చేసి, "మేడమ్ బస్సు దిగింది, జల్ది రా" అన్నది. వెళ్ళేసరికి ఆమె బెంచీ ఈడుస్తున్నారు. మెడ చుట్టూ తెల్లని బట్ట, ముఖం చిక్కిపోయింది. సైదులు రాసి చూపించడానికి ఉంటుందని ఒక పలక కొనుక్కొచ్చాడు. ఆమె దాన్ని చూసి, తీసుకుని, కిటికీ దగ్గర ఎండలో విసనకర్రలా ఊపుకుని, అతనికే తిరిగి ఇచ్చేశారు. అనంతగిరి నుంచి ఒకామె ఆరోజే కొత్తగా వచ్చింది. మహిళా సంఘానికి లీడరుగా ఎన్నుకున్నారట, బ్యాంకు మీటింగులో మాట్లాడాలట. మేడమ్ నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు. చేతులతో, కళ్ళతో ఏదో చెప్పి, చెప్పమన్నట్టు నా వైపు చూశారు.

"ఇక్కడ పరిచయాలు ఉండవు అంటున్నరు" అన్నాను.

ఆమె తలూపారు. మళ్ళీ చేతులు కదిపారు. ఈసారి నాకు అర్థం కాలేదు. తోచింది చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపి, నా రెండు చేతులూ పట్టుకుని పైకి ఎత్తారు. గదంతా చప్పట్లు కొట్టింది. ఆ కొత్తామె కూడా, ఎందుకో తెలియకుండానే, కొట్టింది. మేడమ్ నవ్వారు. చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా.

అట్లా ఇంకో ఏడాదిన్నర నడిచింది. మాట లేకపోయినా ఆమె ఆటలు తగ్గలేదు. నిజం చెప్పాలంటే ఆ ఏడాదిన్నరలోనే మేము బాగా వినడం నేర్చుకున్నాం. ఆమె ముఖం నుంచి కళ్ళు తిప్పితే సగం సంగతి పోయేది. చివరి రోజుల్లో బస్సు ప్రయాణం చేయలేకపోతే మేమే కోదాడ వెళ్ళి ఆ వసారాలో ఆడేవాళ్ళం. వానాకాలం మొదట్లో ఆమె పోయారు. దినం నాడు వాళ్ళబ్బాయి, ఎవరైనా రెండు మాటలు మాట్లాడతారా అని అడిగితే మేము పదిమంది ఒకేసారి లేచాం. ఒకరినొకరు చూసుకుని, కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అందరం మాట్లాడాం. ఆ వేళకు వంట చల్లారిపోయింది.

నాకు ఇప్పటికీ కోర్టులో లేచే ముందు నోరు ఎండుతుంది. దాని గురించి బాధపడడం మానేశాను. నాకిప్పుడు ఒక జూనియర్ ఉంది, సునీత. పిల్లలు పెద్దయ్యాక లా చదివింది, నాకంటే వయసులో పెద్దది. మొన్న ఆమె మొదటి కేసు. వరండాలో కాగితాలు పట్టుకుని గోడకు అతుక్కుని నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. నన్ను చూసి, "నాతోని కాదు మేడమ్. మీరే చెప్పండి" అన్నది. భయపడకు అని నేను అనలేదు. ఆ మాట నాకు ఎన్నడూ పనికి రాలేదు.

"లోపల ఎవరి కేసు నడుస్తున్నది?" అని అడిగాను.

"తెల్వది మేడమ్. నేను సూడలె."

"పోయి కూసో. జడ్జిగారు ఏమంటుండ్రో, ఎవరిని ఏం అడుగుతుండ్రో విని, వచ్చి నాకు చెప్పు."

ఆమె లోపలికి వెళ్ళింది. వెంటనే వస్తుందనుకున్నాను. రాలేదు. తలుపు సందులోంచి చూస్తే, బెంచీ అంచున కూర్చుని, కాగితాలు ఒళ్ళో మరిచిపోయి, ఎవరిదో పొలం గట్టు తగాదా మెడ సాచి వింటోంది. అట్లా వింటుండగానే ఆమె కేసు పిలిచారు. లేచింది. నేను లోపలికి వెళ్ళలేదు. వరండాలోనే నిలబడ్డాను. కొంచెం సేపటికి ఆమె గొంతు బయటికి వినిపించింది. బాగా వణుకుతోంది. వణుకుతూనే, ఒక మాట తర్వాత ఇంకో మాట, చెప్పుకుంటూ పోతోంది.